ఓటమి తర్వాత ఎత్తుగడల విచారణ: అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ప్లే కాలింగ్ విమర్శపై సమీక్ష

అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ పోటీలు ప్రధానంగా శనివారాల్లో జరుగుతాయి. పేరున్న జట్టు ఓడిపోయిందంటే ఆ రాత్రి నుంచి వారం పొడుగునా సాగే చర్చలో ఆటగాళ్ల కంటే ముందు దోషిగా నిలబడేది, దాడి చేసే పదకొండు మందికి ఏ ఘట్టంలో ఏ ఎత్తుగడ వేయాలో నిర్ణయించిన శిక్షకుడు. బంతిని విసిరించాల్సిన చోట పరుగు పెట్టించాడనీ, పరుగు పెట్టించాల్సిన చోట విసిరించాడనీ, మేటి ఆటగాడిని కీలక సమయంలో పక్కన నిలబెట్టాడనీ వచ్చే ఈ అభియోగాలను అభిమానుల ఆవేశంగా తోసిపుచ్చడం సులభమే గాని న్యాయం కాదు, ఎందుకంటే వాటిలో కొన్ని నిజంగా నిలిచే విమర్శలు. గత నాలుగు దశాబ్దాల ప్రసిద్ధ ఓటములను పక్కపక్కన పెట్టి చూస్తే, విమర్శకులు గట్టిగా పట్టుకునేది చివరి నిమిషాల్లోని ఒకే ఒక్క ఎత్తుగడననీ, అది చాలాసార్లు సమర్థించదగినదేననీ, అసలు లోపం మాత్రం మ్యాచ్ పొడుగునా సాగిన ధోరణిలో దాగి ఉంటుందనీ తెలుస్తుంది.

చర్చ అర్థం కావాలంటే ఆట నియమాలు కొన్ని చెప్పుకోవాలి. నూరు గజాల మైదానంలో బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. పది గజాలు సాధిస్తే కొత్తగా నాలుగు డౌన్లు వస్తాయి, లేకపోతే బంతి ప్రత్యర్థి పరమవుతుంది. అందుకే నాలుగో డౌన్‌లో చాలా జట్లు సాహసించకుండా బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థిని వెనక్కి నెడతాయి, దీన్ని పంట్ అంటారు. గోల్ స్తంభాలు దగ్గరగా ఉంటే వాటి మధ్య నుంచి తన్ని 3 పాయింట్ల ఫీల్డ్ గోల్ సంపాదిస్తాయి. బంతితో ప్రత్యర్థి గీత దాటితే 6 పాయింట్ల టచ్‌డౌన్. ఆ వెంటనే బంతిని తన్ని 1 పాయింటు గాని, కళాశాల ఆటలో 3 గజాల దూరం నుంచి మరొక ఎత్తుగడ వేసి 2 పాయింట్లు గాని అదనంగా తెచ్చుకోవచ్చు. తెలుగు పాఠకులకు ఓటమి తర్వాతి విచారణ కొత్తది కాదు. 2019 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో న్యూజిలాండ్ చేతిలో భారత్ 18 పరుగుల తేడాతో ఓడినప్పుడు ధోనీని ఏడో స్థానంలో దింపడంపై జరిగిన వాదన చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే క్రికెట్‌లో అలాంటి నిర్ణయాలు మ్యాచ్‌కు కొన్నే ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం మైదానంలోని కెప్టెన్‌వే. ఫుట్‌బాల్‌లో దాడి జట్టు సుమారు అరవై నుంచి ఎనభై సార్లు బరిలో వరుస కడుతుంది, ప్రతిసారీ ఏం చేయాలన్నది గీత బయటి శిక్షకుడే నిర్ణయిస్తాడు.

ఈ అధికారం శిక్షకుడికి మొదటి నుంచీ లేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకూ కళాశాల ఆటలో గీత బయటి నుంచి సూచనలివ్వడం నియమ విరుద్ధం. బంతిని అందుకుని దాడిని నడిపే క్వార్టర్‌బ్యాకే ఎత్తుగడను ఎంచుకునేవాడు. వృత్తి ఫుట్‌బాల్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ శిక్షకుడు పాల్ బ్రౌన్ ప్రతి ఎత్తుగడకూ ఒక ఆటగాడిని మార్చి, లోపలికి వెళ్లేవాడి చేత తన ఆజ్ఞ పంపించే పద్ధతిని స్థిరపరిచాడు. 1956లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టి చూశాడు గాని లీగ్ దాన్ని త్వరలోనే నిషేధించింది, 1994లో మళ్లీ అనుమతించింది. కళాశాలల పై శ్రేణిలో హెల్మెట్ రేడియో 2024లో మాత్రమే వచ్చింది. అంతవరకూ చేతి సైగలతో, బొమ్మలున్న పెద్ద అట్టలతో సందేశాలు పంపేవారు. ఇప్పుడు చాలా జట్లలో ఈ బాధ్యత అఫెన్సివ్ కోఆర్డినేటర్ అనే సహాయ శిక్షకుడిది, కొన్నిచోట్ల హెడ్ కోచ్‌దే. నిర్ణయించే వ్యక్తి ఒక్కడై, పేరుతో సహా అందరికీ తెలిసినవాడై, పెద్ద జట్లలో ఏటా పది లక్షల డాలర్లకు మించి జీతం అందుకుంటున్నప్పుడు, ఓటమి భారమంతా అతని మీద పడటం సహజమే.

ప్రేక్షకుడు చూసేది శిక్షకుడు పంపిన ఎత్తుగడను కాదు, దాని చివరి రూపాన్ని. ఒక ఎత్తుగడకూ మరొక దానికీ మధ్య ఉన్న 40 సెకన్లలో శిక్షకుడు ఎత్తుగడ పేరు పంపుతాడు (ఈ పిలుపునే ప్లే కాలింగ్ అంటారు), ఆటగాళ్లు వరుస కడతారు, ఎదుటి రక్షణ నిలబడిన తీరు చూసి క్వార్టర్‌బ్యాక్ దాన్ని మార్చవచ్చు. నేడు విరివిగా వాడే రన్ పాస్ ఆప్షన్ అనే పద్ధతిలోనైతే ఒకే పిలుపులో పరుగూ పాసూ రెండూ ఉంటాయి. బంతి చేతికొచ్చాక ఒక రక్షకుడి కదలికను బట్టి క్వార్టర్‌బ్యాక్ క్షణంలో వాటిలో ఒకటి ఎంచుకుంటాడు. కాబట్టి మూడో డౌన్‌లో శిక్షకుడు పరుగు పెట్టించాడన్న మాట చాలాసార్లు అసలు తేలని విషయం.

2024 జనవరి 1న రోజ్ బౌల్ అనే ప్రతిష్ఠాత్మక పోటీలో అలబామా మిషిగన్ చేతిలో అదనపు సమయంలో 27-20తో ఓడిన తీరు దీనికి మంచి ఉదాహరణ. చివరి నాలుగో డౌన్‌లో గీతకు 3 గజాల దూరంలో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్రో నేరుగా మధ్యలోకి దూసుకెళ్లి ఆగిపోయాడు. అంత బలమైన రక్షణ ఎదుట ఆ గుంపులోకి ఎందుకు పంపారన్న విమర్శ కోఆర్డినేటర్ టామీ రీస్‌ను చుట్టుముట్టింది. కాని బంతిని కాళ్ల సందు నుంచి వెనక్కి అందించే సెంటర్ ఆ మ్యాచ్ అంతటా తడబడ్డాడు, ఆ చివరి బంతి కూడా చాలా కిందకే వచ్చింది. వంగి దాన్ని అందుకునేలోపు ఎత్తుగడకు ప్రాణమైన క్షణం గడిచిపోయింది. ఇక్కడ నిలిచే విమర్శ వేరే ఉంది: మ్యాచ్ పొడుగునా కనిపిస్తున్న లోపానికి తగిన సర్దుబాటు ఎందుకు జరగలేదన్నది. అది చివరి ఒక్క పిలుపుకు సంబంధించినది కాదు.

ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే అలవాటుపై మనోవిజ్ఞానంలో గట్టి పరిశోధన ఉంది. జరిగిన విషయం తెలిశాక అది ముందే తెలిసినట్టు అనిపించే భ్రమను బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రయోగాలతో చూపించాడు. ఒకే నిర్ణయాన్ని మంచి ఫలితం వస్తే తెలివైనదిగా, చెడు ఫలితం వస్తే తెలివితక్కువదిగా జనం తీర్పు చెబుతారని జొనథన్ బారన్, జాన్ హెర్షీ 1988లో నిరూపించారు. పేకాట క్రీడాకారిణి ఆనీ డ్యూక్ 2018లో ఇదే విషయంపై రాసిన పుస్తకాన్ని వృత్తి ఫుట్‌బాల్‌లోని ఒక పాసుతో ప్రారంభించడం యాదృచ్ఛికం కాదు. 2015 ఫిబ్రవరిలో జరిగిన వృత్తి లీగ్ తుది పోటీ సూపర్ బౌల్‌లో గీతకు ఒక్క గజం దూరంలో, 26 సెకన్లు మిగిలి ఉండగా, సియాటిల్ శిక్షకుడు పీట్ కారల్ బంతితో పరుగెత్తే మేటి రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్‌కు బంతి ఇప్పించకుండా పాసుకు అనుమతించాడు. ఆ బంతి ప్రత్యర్థి చేతికి చిక్కి సియాటిల్ 28-24తో ఓడింది. గడియారాన్ని ఆపే టైమవుట్ ఒక్కటే ఉన్న స్థితిలో, పాసు తప్పితే గడియారం ఆగుతుంది గనుక, మిగిలిన మూడు అవకాశాలూ వాడుకోవడానికి మధ్యలో ఒక పాసు వేయడం లెక్కకు నిలిచే ఆలోచనే.

అదే పీట్ కారల్ కళాశాల శిక్షకుడిగా ఉన్నప్పటి ఓటమి ఇంకా బోధప్రదం. 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో, వరుసగా 34 విజయాలతో వచ్చిన సదరన్ కాలిఫోర్నియా జట్టు టెక్సస్‌పై 38-33తో ముందుంది. రెండు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా టెక్సస్ 45 గజాల గీత వద్ద నాలుగో డౌన్, కావలసింది 2 గజాలు. పంట్ చేయకుండా రన్నింగ్ బ్యాక్ లెన్‌డేల్ వైట్‌కు బంతి ఇచ్చారు; అతను ఒక గజం దూరంలో ఆగిపోయాడు. తర్వాత టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ 19 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ చేసి 41-38తో గెలిపించాడు. ఈ ఒక్క ఘట్టంలో విడివిడిగా తూచాల్సిన ప్రశ్నలు మూడు కలిసిపోయి ఉన్నాయి. పంట్ చేయకపోవడం తప్పా అంటే కాదు. ఆ రోజు యంగ్‌ను ఆపగలిగినవారు లేరు, పరుగులతో 200, పాసులతో 267 గజాలు సాధించిన ఆటగాడికి ఇంకో ముప్పై నలభై గజాల దూరం పెద్ద అడ్డు కాదు. వైట్‌ను ఎంచుకోవడం తప్పా అంటే అదీ కాదు. ఆ మ్యాచ్‌లో అతను 124 గజాలు, 3 టచ్‌డౌన్లు చేశాడు. కాని ఆ సీజన్‌లో ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన రెజీ బుష్‌ను ఆ ఎత్తుగడలో మైదానం బయట ఉంచడం మాత్రం సమర్థించలేనిది, ఎందుకంటే బంతి అతనికి ఇవ్వకపోయినా, అతను బరిలో ఉంటే కనీసం ఒక రక్షకుడి చూపు మధ్య నుంచి పక్కకు మళ్లేది.

సాహసం ఓటమిగా ముగిసినా గౌరవం తెచ్చిపెట్టిన సందర్భం 1984 జనవరి 2న ఆరెంజ్ బౌల్‌లో జరిగింది. అజేయంగా వచ్చిన నెబ్రాస్కా, మయామీ చేతిలో 17-0తో వెనకబడి, చివరకు 48 సెకన్లు మిగిలి ఉండగా 31-30 వరకూ వచ్చింది. అప్పట్లో అదనపు సమయం లేదు. కళాశాలల పై శ్రేణిలో అది 1996లో పూర్తిగా అమలులోకి వచ్చింది. ఒక పాయింటు తన్ని మ్యాచ్‌ను సమం చేసుకుంటే అప్పట్లో ఓట్లతో తేలే జాతీయ ప్రథమ స్థానం నెబ్రాస్కాకు దాదాపు ఖాయమని అందరికీ తెలుసు. శిక్షకుడు టామ్ ఆస్‌బోర్న్ 2 పాయింట్లకే వెళ్లాడు, టర్నర్ గిల్ విసిరిన బంతిని మయామీ రక్షకుడు కెన్ కల్హూన్ వేళ్లతో పక్కకు నెట్టాడు, పట్టం మయామీకి దక్కింది. ఇక్కడి ప్రశ్న లెక్కలది కాదు, లక్ష్యానిది: శిక్షకుడు సమంతో పట్టం కోరుకుంటున్నాడా, గెలుపుతోనా అన్నది. లక్ష్యం తెలియకుండా ఎత్తుగడ తప్పొప్పులు తేల్చడం కుదరదని ఆ నిర్ణయం చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు.

ఒక్క ఎత్తుగడపై తీర్పు ఎందుకు కష్టమో గణితం కూడా చెబుతుంది. జాన్ వాన్ న్యూమన్ 1928లో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, ఇద్దరు ప్రత్యర్థులు ఒకరి మనసు ఒకరు ఊహించే ఆటలో ఎవరికైనా మేలైన మార్గం తన ఎత్తులను తగిన నిష్పత్తిలో, ఊహకు అందని వరుసలో కలగలపడమే. పరుగు బాగా పనిచేస్తోంది కదా అని ప్రతిసారీ పరుగే వేస్తే రక్షణ అంతా ముందుకు చేరి దాన్ని మూసేస్తుంది. కాబట్టి అప్పుడప్పుడూ అనువుకాని ఎత్తు కూడా వేయక తప్పదు, అది విఫలమైనప్పుడు మూర్ఖంగానే కనిపిస్తుంది. 2011 నవంబరు 5న లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) పై చివరిదైన నాలుగో క్వార్టర్‌లో అలబామా, పాసులు అందుకునే రిసీవర్ మార్క్విస్ మేజ్ చేత బంతి విసిరించిన మాయ ఎత్తు అలాంటిదే. ఎల్‌ఎస్‌యూకు చెందిన ఎరిక్ రీడ్ దాన్ని ఒక గజం గీత వద్ద లాక్కున్నాడు, అలబామా అదనపు సమయంలో 9-6తో ఓడింది. రన్నింగ్ బ్యాక్ ట్రెంట్ రిచర్డ్‌సన్‌కు బంతి ఇవ్వాల్సిందన్న విమర్శ నేటికీ వినిపిస్తుంది, కాని ఆ రాత్రి అలబామా ఆరు ఫీల్డ్ గోల్ ప్రయత్నాల్లో నాలుగు పోగొట్టుకుందన్న సంగతి అంతగా వినిపించదు.

అయితే అదే సిద్ధాంతం ధోరణిని పరీక్షించే సాధనాన్నీ ఇస్తుంది. పాళ్లు సరిగా కుదిరితే, దీర్ఘకాలంలో పరుగు వల్లా పాసు వల్లా వచ్చే లాభం దాదాపు సమానం కావాలి. ఒకటి స్థిరంగా మెరుగ్గా ఉంటే దాన్ని తక్కువగా వాడుతున్నారని అర్థం. కెనెత్ కోవాష్, స్టీవెన్ లెవిట్ 2009లో వృత్తి ఫుట్‌బాల్ లెక్కలు పరిశీలించి, జట్లు పాసును చాలినంత వాడటం లేదనీ, ఇప్పుడే విఫలమైన ఎత్తుకు బదులు వెంటనే రెండోదానికి మారే అలవాటు ప్రత్యర్థి పసిగట్టేంతగా ఉందనీ తేల్చారు. అంతకు ముందు, నాలుగో డౌన్‌పై డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన అధ్యయనం, ముందుకు వెళ్లడమే మేలైన సందర్భాల్లో పదింట సుమారు తొమ్మిదిసార్లు జట్లు బంతిని తన్నేశాయని చూపింది. మైదానంలోని ప్రతి స్థానానికీ పాయింట్ల విలువ కట్టే ఆలోచన ఇంకా పాతది. 1971లో దాన్ని ప్రచురించిన ఇద్దరిలో ఒకరైన వర్జిల్ కార్టర్ స్వయంగా వృత్తి క్వార్టర్‌బ్యాక్. ఇవన్నీ వృత్తి ఆట లెక్కలే. జట్ల మధ్య బల భేదం విపరీతంగా ఉండే కళాశాల ఆటకు వాటిని యథాతథంగా వర్తింపజేయకూడదు గాని, శిక్షకులు ఓటమి కంటే నిందకు ఎక్కువ భయపడతారన్న సూచన అక్కడా వర్తిస్తుంది.

విమర్శకుల చేతిలోని గణాంకాలూ కొన్నిసార్లు దారి తప్పిస్తాయి. కళాశాల లెక్కల్లో, పాసు వేయబోయి వెనకే పడిపోయిన క్వార్టర్‌బ్యాక్ కోల్పోయిన గజాలను పరుగు ఖాతాలో వేస్తారు, వృత్తి ఆటలో పాసు ఖాతాలో వేస్తారు. ఈ తేడా తెలియనివారు పరుగు దాడి చచ్చుబడిందని సులభంగా పొరబడతారు. ముప్పై సార్లు పరుగు పెట్టిన జట్టే గెలుస్తుందన్న పాత నమ్మకంలో కారణమూ ఫలితమూ తారుమారయ్యాయి. ముందంజలో ఉన్న జట్టు గడియారం కరిగించడానికి పరుగు పెడుతుంది.

ధోరణిపై విమర్శ ఎంత బలంగా నిలవగలదో 2012 జనవరి 9న తేలింది. అదే ఎల్‌ఎస్‌యూ, అదే అలబామా, ఈసారి జాతీయ పట్టం కోసం; ఎల్‌ఎస్‌యూ మ్యాచ్ మొత్తంలో 92 గజాలే సాధించి 21-0తో ఓడింది, మైదానం సగం గీతను నాలుగో క్వార్టర్ దాకా దాటలేదు. అయినా శిక్షకుడు లెస్ మైల్స్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ జెఫర్సన్‌నే చివరి వరకూ కొనసాగించి, అనుభవజ్ఞుడైన జారెట్ లీని ఒక్క ఎత్తుగడకైనా దింపలేదు. ఏ ఒక్క పిలుపునూ వేలెత్తి చూపనక్కరలేని ఓటమి అది. మార్చకపోవడమే దాని లోపం.

ఈ మొత్తం ప్రశ్నకు ఇటీవలి పెద్ద ఉదాహరణ ఒహాయో స్టేట్. హెడ్ కోచ్ రయాన్ డే 2024లో ఎత్తుగడల బాధ్యతను కోఆర్డినేటర్ చిప్ కెలీకి అప్పగించాడు. నవంబరు 30న సొంత మైదానంలో, తమకంటే చాలా బలహీనమని అందరూ అనుకున్న మిషిగన్ చేతిలో జట్టు 13-10తో ఓడింది, అదీ వరుసగా నాలుగో ఏడు. జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా లాంటి రిసీవర్లు ఉండగా, మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు భారీ రక్షకులు నిలబడిన నడిమధ్యకే పరుగులు మళ్లీ మళ్లీ పంపారన్నది అభియోగం; 26 పరుగులకు వచ్చినవి 77 గజాలు. మరుసటి ఏడాది ఆ ఇద్దరూ వృత్తి లీగ్ ఎంపికలో మొదటి రౌండ్‌లోనే చోటు దక్కించుకున్నారంటే ఆ గోడ ఎంత గట్టిదో ఊహించవచ్చు. దీనికి తోడు ఒహాయో స్టేట్ ముందు వరుసలో ఇద్దరు ముఖ్యులు గాయాలతో లేరు. వారిలో సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్, అంతకు ముందు రోజ్ బౌల్‌లో అలబామాకు కింది బంతులు అందించిన ఆటగాడే, కొత్త జట్టులో దేశంలోనే ఉత్తమ సెంటర్‌గా ఎదిగి నవంబరులో గాయపడ్డాడు. బలహీనపడిన వరుసతో బలమైన చోటును ఢీకొట్టాలన్న పట్టుదలే ఆ రోజు తప్పు. అయితే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు బంతులు ప్రత్యర్థికి అప్పగించాడు, దగ్గరి ఫీల్డ్ గోల్స్ రెండు తప్పాయి. మూడు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్‌లో అవి చిన్న విషయాలు కావు.

పాత రోజుల్లోనైతే కథ అక్కడితో ముగిసేది. పట్టం పోటీలోకి వచ్చే జట్ల సంఖ్య ఆ ఏడే నాలుగు నుంచి పన్నెండుకు పెరగడంతో ఒహాయో స్టేట్‌కు మరో అవకాశం దక్కింది. అదే శిక్షకులు, అవే గాయాలు, కాని ధోరణి వేరు: టెనెసీపై మొదటి క్వార్టర్‌లోనే 21-0, ఆరెగన్‌పై ఒక దశలో 34-0, రెండుచోట్లా ఆరంభం నుంచే స్మిత్ వైపు దూరపు పాసులు. 2025 జనవరి 20న నోటర్ డేమ్‌పై 34-23తో పట్టం గెలిచిన మ్యాచ్ చివర్లో, మూడో డౌన్‌లో 11 గజాలు కావలసి ఉండగా, పరుగు పెట్టి గడియారం కరిగించే మామూలు దారి వదిలి స్మిత్‌కు 56 గజాల పాసు వేయించారు. విజయం వల్ల విమర్శ నిజమని రుజువైపోయిందనడం కూడా ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పడమే అవుతుంది. ఆ బంతి నేల పడి ఉంటే చిప్ కెలీ మళ్లీ బోనులో ఉండేవాడు. కాని ఆ పాసు ఒక్కటే కాదు, నాలుగు మ్యాచ్‌ల పొడుగునా దాడి తన బలాన్ని ముందుపెట్టింది. పోల్చదగినది ఆ వరుసే.

ఏ మినహాయింపూ లేకుండా ఒక్క ఎత్తుగడనే తప్పు పట్టగల సందర్భమూ ఉంది. 2023 అక్టోబరు 7న మయామీ జార్జియా టెక్‌పై 20-17తో ముందుండగా, ప్రత్యర్థికి టైమవుట్లు లేని స్థితిలో, క్వార్టర్‌బ్యాక్ మోకాలు నేలకు ఆనిస్తే చాలు, గడియారం అయిపోయేది. శిక్షకుడు మారియో క్రిస్టబాల్ జట్టు పరుగు పెట్టింది, బంతి జారింది, జార్జియా టెక్ చివరి సెకన్లలో టచ్‌డౌన్ చేసి 23-20తో గెలిచింది. 1978 నవంబరులో వృత్తి జట్టు న్యూయార్క్ జయంట్స్ ఇదే పొరపాటు చేసి ఈగిల్స్ చేతిలో ఓడినప్పుడు ఎత్తుగడల శిక్షకుడిని మర్నాడే తొలగించారు, మోకాలు ఆనించే వరుస ఆ తర్వాతే అంతటా స్థిరపడింది. ఇక్కడ ఫలితం తెలియకముందే తప్పు తప్పే, ఎందుకంటే ప్రమాదం లేని మార్గం చేతిలో ఉంది.

అలాంటి సందర్భంలో సైతం నింద ఎవరి మీద పడుతోందన్నది పట్టించుకోవలసిన విషయం. బంతి జారవిడిచింది ఒక విద్యార్థి, జారవిడిచే అవకాశం కల్పించింది శిక్షకుడు. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు మూడేళ్ల వయసున్న ఈ ఆటగాళ్లు 2021 జూలై నుంచి తమ పేరు మీద సంపాదించుకునే హక్కు పొందారు. దానితో పాటు, డబ్బు తీసుకుంటున్నవాడిని ఏమైనా అనవచ్చన్న ధోరణి కూడా బలపడింది. ఎత్తుగడను ఎంచుకునే అధికారం ఆ కుర్రవాళ్లకు లేదు. లక్షలాది డాలర్ల జీతంతో ఆ అధికారాన్ని స్వీకరించిన పెద్దల నిర్ణయాలను ఎంత నిశితంగా పరీక్షించినా అది న్యాయమైన విమర్శే. ఆ నిర్ణయాన్ని తలకెత్తుకుని పరుగెత్తినవాడి ఇంటి తలుపు తట్టడానికి మాత్రం అది ఎవరికీ హక్కునివ్వదు.